కండ్లకలక అని నేను రాసిన కన్ను

2023 ఆగస్టు 3వ తేదీ, గురువారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు రెండో తరగతి పిల్ల ఒకతె నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఎడమ అరచేయి ఎడమ కంటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆ వేళను నేను జ్ఞాపకం మీద ఆధారపడి రాయడం లేదు. ఆ రోజుల్లో కళ్ళు ఎర్రబడి ఇంటికి పంపిన పిల్లల కోసం విడిగా ఒక నోటు పుస్తకం పెట్టాను. పేరు, తరగతి, వేళ, కారణం అని నాలుగు గడులు గీశాను. ఆ పిల్ల పేరుకు ఎదురుగా నాలుగో గడిలో ‘కండ్లకలక’ అని నా చేతిరాతలోనే ఉంది. అది కండ్లకలక కాదు. నేను ఆ మాట రాసే సమయానికి ఆ కంటికి చూపు ఉంది.

మాది చాట్రాయి వైపు మామిడి తోటల మధ్య ఉన్న ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల. ఆ వారం రెండో టీచరు తానే కండ్లకలకతో సెలవులో ఉన్నారు. అయిదు తరగతులనూ రెండు గదుల్లో సర్ది, రెండింటికీ మధ్యనున్న గుమ్మం దగ్గర బల్ల వేసుకుని నేనొక్కదాన్నే చూసుకుంటున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటిదాన్ని నేను. అమ్మా నాన్నా ఇద్దరూ రెడ్డిగూడెం దగ్గర తోటల్లో కూలికి వెళ్ళినవాళ్ళు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఏ పనైనా కాగితం మీద పెట్టి, తేదీ వేసి, సంతకం చేసేదాకా అది పూర్తయినట్టు నాకు అనిపించేది కాదు. ఏదైనా తప్పు జరిగితే ముందుగా నా చదువునే అనుమానిస్తారన్న భయం ఉండేది.

ఆ ఏడు వానలు పట్టిన దగ్గర నుంచీ కండ్లకలక ఊరూరా తిరిగింది. నూజివీడు బస్టాండులో నల్ల కళ్ళద్దాలను తాడుకు వరసగా వేలాడదీసి అమ్మారు. పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డముక్కలు పిల్లల జేబుల్లో ఉండేవి. కళ్ళు తుడుచుకోవడానికి ఇళ్ళలో అవే ఇచ్చి పంపేవారు. మధ్యాహ్న భోజనం వండే ఆమె ఒకనాడు కొడుకు నల్లద్దాలు పెట్టుకుని వచ్చింది. పిల్లను దింపడానికి వచ్చిన ఒక తల్లి గేటు దగ్గర ఆమెను ఆపింది.

“ఏంటి పిన్నీ, సినిమాకా?”

“సినిమానే. పప్పులో ఉప్పేసింది కనబడక రెండోసారి వేశా. సాయంత్రం మీ పిల్ల చెబుద్దిలే కథంతా.”

“నీక్కూడా వచ్చిందా ఏంటి?”

“రాకుండా పెట్టుకున్నా. మీరంతా ఎర్రకళ్ళేసుకుని నా వంకే చూస్తంటే ఇంకెన్నాళ్ళు ఆగుద్ది?”

మా ప్రాంతంలో ఇది అందరి నమ్మకం. కలక వచ్చినవాళ్ళ కళ్ళలోకి చూస్తే చూసినవాళ్ళకు వస్తుంది. అందుకని కలక వచ్చినవాళ్ళు తల దించుకుంటారు, మిగిలినవాళ్ళు తల తిప్పుకుంటారు. ఇంట్లో అన్నం కూడా గోడ వైపు తిరిగి తింటారు. నేను బీఎస్సీలో జంతుశాస్త్రం చదివాను. కంటి నిర్మాణం బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నాను. చూపు వల్ల ఏ జబ్బూ రాదని నాకు తెలుసు. ఆ సోమవారం నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాశాను కూడా: కండ్లకలక చూపు వల్ల రాదు. చేతుల వల్ల, తువ్వాళ్ళ వల్ల వస్తుంది.

పిల్లలు నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. రాయడం అయ్యాక నాలుగో తరగతి పిల్ల ఒకతె లేచి అడిగింది.

“టీచరండీ, మరి మీరు మమ్మల్ని చూడకుండా అటు తిరిగి చెబుతున్నారేంటండీ?”

“బల్ల మీద రాస్తున్నాను కదా.”

“రాయడం అయిపోయిందిగా.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత కూడా నేను వాళ్ళ నుదుళ్ళ వైపే చూసి పాఠం చెప్పానని నాకు తెలుసు.

కళ్ళు ఎర్రబడిన పిల్లలను అయిదు రోజులు ఇంటి దగ్గర ఉంచమని మాకు ఆదేశం వచ్చింది. ఆరోగ్య కార్యకర్త కంటి చుక్కల సీసాలు కొన్ని నాకు ఇచ్చి వెళ్ళింది. పిల్లలకు ఇంటికి పోవడం ఇష్టం లేదు. తల్లులు తోటకు పోతే ఇంట్లో మధ్యాహ్నం వండేవాళ్ళు ఉండరు. బడిలో వేడి అన్నం, గుడ్డు ఉంటాయి. అందువల్ల ఎర్ర కళ్ళతో వచ్చిన ప్రతి పిల్లకూ ఒక కారణం ఉండేది. ఒకరికి సబ్బు పడింది, ఒకరికి దుమ్ము పడింది, ఒకరిని అన్న కొట్టాడు. రెండు మూడు రోజుల్లోనే ఆ కారణాలు వినడం మానేశాను.

గురువారం ఆ పిల్ల వచ్చినప్పుడు కూడా పుస్తకం ముందే తెరిచి పెట్టుకున్నాను.

“ఏమైంది?”

“పుల్ల కొట్టింది టీచరండీ.”

“ఎప్పుడు?”

“ఆదివారం. అమ్మతో తోటకి పోయినప్పుడు.”

“ఆదివారం కొడితే గురువారం ఎర్రబడుతుందా?”

ఏడేళ్ళ పిల్ల జవాబు చెప్పగలిగిన ప్రశ్న కాదది. వెనక వరస నుంచి ఎవరో అందుకున్నారు.

“అబద్ధం టీచరండీ. మొన్న దీని పక్కన కూర్చున్నదానికి కలకొచ్చింది. ఇదేమో గుడ్డు కోసం పుల్లంటోంది.”

“కాదే. నిజంగా కొట్టింది.”

“అయితే చెయ్యి తియ్యి చూద్దాం.”

“వద్దే, నువ్వు చూడమాకే. అంటుద్ది” అని ఇంకో పిల్ల అడ్డుపడింది.

నేను ఆమెను అటు తిరిగి నిలబడమన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. వెలుతురు తగలగానే ముఖం మోచేతిలో దాచుకుని గోడ వైపు తిరిగింది. అది నేను చూశాను. పుస్తకంలో పేరు, తరగతి, వేళ, కారణం రాశాను. చుక్కల సీసా ఒకటి ఆమె చేతిలో పెట్టి, పూటకు రెండుసార్లు వేయమని అమ్మకు చెప్పమన్నాను.

“టీచరండీ, గుడ్డుకి మధ్యాహ్నం రానా?”

“అయిదు రోజులు రాకూడదు. మంగళవారం రా.”

ఆమె గోడ వారగా నడిచి వెళ్ళిపోయింది. ఇదంతా అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె కంటిలోకి నేను చూడలేదు.

ఆ గురువారమే ఇంటికి పంపిన మిగిలిన పిల్లలు మంగళవారం తిరిగి వచ్చారు. ఆమె రాలేదు. బుధవారమూ రాలేదు. అడిగితే “దానికింకా తగ్గలేదంట” అన్నారు. హాజరు పట్టీలో గైర్హాజరు వేశాను. సెలవు ముగించుకుని రెండో టీచరు కూడా అప్పటికి వచ్చేశారు. పని తేలికపడింది.

పదో తేదీ మధ్యాహ్నం, పిల్లలు అన్నాలు తింటుండగా ఆమె తల్లి వచ్చింది. ముంజేతుల నిండా గీతలు గీతలుగా గీరుకుపోయి ఉన్నాయి. కాయకోత అయ్యాక తోటల్లో కొమ్మలు కత్తిరించే రోజులవి. మగవాళ్ళు చెట్టెక్కి కోస్తారు, ఆడవాళ్ళు కింద కొమ్మలను లాగి కుప్ప వేస్తారు. సన్నపుల్లలు లాగినవాళ్ళవే అనేది ఇక్కడి తోటల్లో మాట. వంటచెరకుకు పనికొస్తాయని ఆదివారాలు పిల్లలను కూడా తీసుకెళ్ళి మోపులు కట్టిస్తారు. మా అమ్మ నన్నూ తీసుకెళ్ళేది. అందువల్ల ఆ గీతలు ఎక్కడివో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆమె వరండా కింద నిలబడి, నాకు కలక అంటకూడదని పక్కకు తిరిగి మాట్లాడింది. పిల్ల తల్లి కొంగులో ముఖం పెట్టుకుని ఉంది.

“టీచర్ గారండీ, మీరిచ్చిన చుక్కలు అయిపోయినయ్యి. ఇంకో సీసా ఉంటే ఇప్పించండి.”

“తగ్గలేదా అమ్మా?”

“రెండో కంటికైతే రాలేదండి. ఇదొక్కటే. నెప్పి నెప్పని ఒకటే ఏడుపు. కలక ఇన్నాళ్ళుంటదాండీ?”

కలక అంత కాలం ఒక్క కంటికే ఉండటం నేను ఆ నెలలో ఏ పిల్లలోనూ చూడలేదు. ఆ మాట అప్పుడు తట్టింది.

“ఆ రోజు పుల్ల కొట్టిందని చెప్పింది.”

“కొట్టిందండి. నేను కొమ్మ లాగుతున్నా, ఇది వెనకమాల నిలబడింది. కొమ్మ చేతిలోంచి జారి ఎదురు కొట్టింది. మేమూ ముందు అదే అనుకున్నాం. నలుసు తీసే మామ్మ దగ్గరికి తీసుకుపోదామని బయల్దేరా కూడా.”

తోటల ఊళ్ళలో నలుసు తీసే ముసలమ్మ ఒకరు ఉంటారు. కంట్లో పొట్టు పడినా పురుగు పడినా ఆమె దగ్గరికే పోతారు. ఎండలో కూర్చోబెట్టి, రెప్ప తిరగేసి, చీర చెంగు కొసతో తీస్తుంది. చెంగుతో తీయడం మంచిది కాదని నేను బడిలో చెప్పినదాన్నే.

“తీసుకెళ్ళారా మరి?”

“పోయానండి. కలకని టీచర్ గారు చెప్పారని నోరుజారి చెప్పా. ‘అయితే నా గడప తొక్కమాక తల్లీ, నాకున్నదే ఒక్క కన్ను’ అంది. పోనీ ఆసుపత్రికి తీసుకెళ్తానని వాళ్ళ నాన్న అన్నాడు. నేనే ఆపా. టీచర్ గారు చూసి చెప్పారు కదా, చదువుకున్నోళ్ళు, వాళ్ళకన్నా మనకెక్కువ తెలుసా అన్నా.”

చూసి చెప్పారు, అంది ఆమె. తప్పు పట్టే గొంతు కాదది. ఇంకో సీసా కోసం వచ్చిన మనిషి గొంతు.

చేతులు సబ్బుతో కడుక్కున్నాను. పిల్లను వరండాలో స్తంభం నీడకు తెచ్చి గడపమీద కూర్చోబెట్టాను. అన్నం పళ్ళేలతో పిల్లలు చుట్టూ మూగారు.

“చూడమాకండి టీచరండీ, మీకొచ్చుద్ది.”

“జరగండర్రా, వెలుతురు రానివ్వండి” అని వంటామె వాళ్ళను తోసింది. ఆమె కూడా అటు తిరిగే నిలబడింది.

రెప్ప వాచి బిగుసుకుపోయి ఉంది. రెండు వేళ్ళతో విడదీసేసరికి పిల్ల నా మణికట్టు పట్టుకుంది గాని లాగలేదు. తెల్లగుడ్డు అంతా ఎర్రగా ఉంది. నల్లగుడ్డు మీద, మధ్యకు కొంచెం పక్కగా, బియ్యపు నూకంత తెల్లటి మచ్చ ఉంది. దాని అంచు ఈకలా చెదిరి ఉంది. నేను గీసి మార్కులు తెచ్చుకున్న బొమ్మలో ఆ చోటికి పేరుంది. ఆ పేరు వెంటనే గుర్తొచ్చింది. ఇంకేమీ అనిపించలేదు. పుస్తకం మూసి, తాళాలు రెండో టీచరుకు ఇచ్చి, తల్లినీ పిల్లనూ తీసుకుని ఒంటిగంట బస్సు ఎక్కాను. రాతపూర్వకమైన అనుమతి లేకుండా నేను బడి విడిచిన మొదటి రోజు అది.

విజయవాడలో ఒక కంటి ఆసుపత్రికి వెళ్ళేసరికి నాలుగు దాటింది. డాక్టరు నా వయసు ఉన్న అమ్మాయి. పిల్ల గడ్డాన్ని యంత్రం మీద ఆనించి, సన్నని వెలుగు వేసి చాలాసేపు చూసింది. కంటి పై పొర నుంచి కొంచెం గీకి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక మమ్మల్ని లోపలికి పిలిచింది.

“పుల్ల తగిలి ఎన్నాళ్ళయింది?”

“పదకొండు రోజులండి” అంది తల్లి.

“ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా?”

“కలక అనుకున్నామండి.”

“ఎవరు చెప్పారు కలకని?”

తల్లి నేల వైపు చూసింది. నా వైపు చూడలేదు.

“నేను చెప్పానండి. వాళ్ళ టీచర్ని” అన్నాను.

“కన్ను తెరిచి చూశారా?”

“లేదండీ.”

డాక్టరు కాసేపు రాసుకుంది. తర్వాత నిదానంగా, ముగ్గురికీ అర్థమయ్యేలా చెప్పింది. చెట్టు పుల్లతో పాటు ఫంగస్ అనే బూజు కంటిలోకి వెళ్ళింది. నల్లగుడ్డు మీద పుండు పడింది. మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చి ఉంటే పని తేలిక. ఇప్పుడు గంటకోసారి చుక్కలు వేయాలి, వారాల తరబడి వేయాలి. పుండు మానుతుంది, మచ్చ మిగులుతుంది. మచ్చ మధ్యకు పాకితే ఆ కన్ను చదవడానికి పనికిరాదు. పాకకుండా ఆపడానికే ఈ మందు.

“ఒక కన్నే ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, పుల్లో ఆకో తగిలిందని పిల్లే చెప్పినా ఆగకండి. వెంటనే పంపండి” అని నాతో అంది.

తిరుగు బస్సులో ఆగిరిపల్లి దాటాక పిల్ల నిద్రపోయింది. తల్లి చాలాసేపటికి మాట్లాడింది.

“మీకు చాకిరీ అయింది టీచర్ గారండీ. మీరు కాబట్టి వచ్చారు.”

నాకు అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. నేను మూడో తరగతిలో ఉండగా అమ్మకు కలక వచ్చింది. అయినా పనికి వెళ్ళింది. తోట యజమాని ఇంటి ఆవిడ వసారాలో కుర్చీ వేసుకుని, “అటు తిరిగి మాట్లాడవే, నా ముఖాన చూడకు” అంది. అమ్మ కొట్టం వైపు తిరిగి ఆ రోజు పని సంగతి అడిగింది. ఆ రోజు నాకు అవమానం అనిపించింది. చదువుకుంటే ఎవరూ మమ్మల్ని అటు తిరగమనరని అనుకున్నాను. ఆ మాట ఎవరూ నాతో అనలేదు, నిజమే. నేనే అన్నాను.

గంటకోసారి మందు అంటే తోటకు పోయే తల్లికి కుదరదు. పని మానితే ఇల్లు గడవదు. కాబట్టి పిల్లను రోజూ బడికే పంపమన్నాను. తొమ్మిదింటి నుంచి మూడున్నర దాకా మందు వేసే పని నాది, ఆ తర్వాత తల్లిది. చేతులు కడుక్కోవడం, తువ్వాలుతో తుడుచుకోకుండా గాలికి ఆరబెట్టడం, కింది రెప్ప లాగడం, ఒక్క చుక్క వేయడం, అయిదు నిమిషాలు ఆగడం, రెండో సీసా చుక్క వేయడం. గంట కొట్టగానే ఆమె తనంతట తానే వచ్చి నా బల్ల దగ్గర తల వెనక్కి వాల్చి నిలబడేది. మంట పుడుతుందని తెలిసీ అలా నిలబడేది. ప్రతిసారీ మచ్చను చూసేదాన్ని. నిన్నటికన్నా పెద్దదయిందో లేదో గంటకోసారి చూస్తే తెలియదు. అయినా చూసేదాన్ని. ఆగస్టు పదిహేనున జెండా ఎగరేసి, పిల్లలు పాట పాడుతుండగా గంట అయింది. పాట మధ్యలో నుంచి ఆమె వచ్చింది. మందు వేశాను. వెళ్ళి మళ్ళీ వరసలో నిలబడి పాడింది.

పిల్లలు మొదటి రోజుల్లో ఆమెకు దూరంగా కూర్చున్నారు. తర్వాత గంట కొట్టడానికి ముందే “లేవ్వే, నీ చుక్కల వేళయింది” అని తరిమేవారు. నాలుగో తరగతి పిల్ల ఒకరోజు నా పక్కన నిలబడి, మచ్చ వైపు వంగి, “ఇది పోద్దాండీ?” అని అడిగింది. తెలియదన్నాను. “మీకు తెలీదా?” అంది. తెలియదని మళ్ళీ చెప్పాను.

ఆ వారాల్లో నేను ఏడవలేదు, ఎవరితోనూ చెప్పుకోలేదు. మా అమ్మతో మాత్రం ఒకసారి చెప్పాను. అమ్మ అంతా విని, “కలక కళ్ళలోకి చూడొద్దని నేనే కదా నీకు నేర్పింది” అంది. అన్నం తిని పళ్ళెం కడిగాను. వారానికోసారి విజయవాడ వెళ్ళాం. మూడోసారి వెళ్ళినప్పుడు పుండు అంచులు సర్దుకుంటున్నాయని డాక్టరు అంది. అప్పటికే మచ్చ మధ్యకు వచ్చేసింది. తల్లి “ఇంక నెప్పి ఉండదు కదండీ” అని అడిగింది. ఉండదని డాక్టరు చెప్పింది. “అదే చాలు” అంది తల్లి. దసరా సెలవుల్లో చుక్కలు ఆపేశారు.

ఇప్పుడు ఆ పిల్ల నాలుగో తరగతిలో ఉంది. ఎడమ కంటికి వెలుతురు, మనిషి ఆకారం తెలుస్తాయి. అక్షరం తెలియదు. పెద్దయ్యాక ఆపరేషన్ సంగతి ఆలోచిద్దామన్నారు. తల్లి ఆదివారాలు ఆమెను తోటకు తీసుకెళ్ళడం మానేసింది. ఎర్ర కన్నుతో ఎవరు వచ్చినా నేను వెలుతురులో కూర్చోబెట్టి చూస్తాను. ఒక కన్నే అయితే అదే రోజు ఆసుపత్రికి పంపుతాను. ఊళ్ళోవాళ్ళు నేను చెప్పింది ఇదివరకులాగే నమ్ముతున్నారు. ఆ పిల్ల తరగతిలో ఎడమ చివర కూర్చుంటుంది. నల్లబల్ల, తోటి పిల్లలు, నేను, అందరం ఆమెకు కుడివైపు ఉంటాం.